విరేచనానికి ముందు విచారణ

రామన్నపేట మొదలుకొని నల్లగొండ, దేవరకొండల మీదుగా పాలమూరు దాకా పరుచుకున్న ఎర్ర చెల్కల్లో పత్తి విస్తరించక ముందు మెట్ట రైతు నమ్ముకున్న పంటల్లో ఆముదం ముఖ్యమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆముదం సాగు అనగానే నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల పేర్లే ముందు వినిపించేవి. పాలెంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి క్రాంతి, హరిత వంటి రకాలు వచ్చింది కూడా ఇలాంటి నేలలను దృష్టిలో పెట్టుకునే. ఆ గింజల నూనె దీపానికి, తలకు, బండి ఇరుసుకు పనికొచ్చినట్టే కడుపు కట్టినప్పుడు జులాబుగానూ పనికొచ్చింది. ఊరి పెద్దలు వాడిన ఆ నూనెనే యునానీ హకీములు రోగన్-ఎ-బేదంజీర్ అన్నారు. దానికి తోడు సునాముఖి ఆకు, రేలకాయ గుజ్జు, కరక్కాయ, ఇసబ్‌గోల్, గుల్కందు వారి మందుల పెట్టెలో ఉండేవి. మలబద్ధకానికి ఈ మందులు పనిచేస్తాయా అంటే, చాలావరకు పనిచేస్తాయనే ఆధునిక పరిశోధన చెబుతోంది. అవి నిజంగా పనిచేస్తాయి కాబట్టే వాటిని ఇష్టం వచ్చినట్టు వాడకూడదు. యునానీ రూపంలో పారశీక వైద్యం మనకిచ్చిన సంపదలో ఆకులు, నూనెల కంటే విలువైనది ఒకటుంది: ఏ మందు ఎవరికి, ఎప్పుడు, ఎంత, దేని తర్వాత ఇవ్వాలో నేర్పిన క్రమం. ఇవాళ బజారులో ఆకు దొరుకుతోంది, ఆ క్రమం మాత్రం దొరకడం లేదు.

ఈ వైద్యం తెలంగాణకు చేరిన దారి చరిత్రలో స్పష్టంగానే కనిపిస్తుంది. గ్రీకు వైద్యుల సిద్ధాంతాలను అరబ్బీ, పారశీక పండితులు అందుకొని పెంచి పెద్దచేశారు. రే నగరానికి చెందిన అల్ రాజీ, 1037లో హమదాన్‌లో కన్నుమూసిన ఇబ్న్ సీనా వంటివారు దానికి శాస్త్ర గ్రంథాల రూపమిచ్చారు. గోల్కొండ కొలువులో ఇరాన్ నుంచి వచ్చిన పండితులకు, మంత్రులకు దొరికిన ఆదరణ వైద్యులకూ దొరికింది. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన దారుల్‌షిఫాలో రోగులకు చికిత్స, విద్యార్థులకు వైద్య బోధన ఒకే చోట జరిగేవి. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో సుల్తాన్ అబ్దుల్లాకు ఇష్టులైన ఇద్దరు హకీముల జంట సమాధులు నేటికీ ఉన్నాయి. నిజాముద్దీన్ అహ్మద్ గిలానీ, అబ్దుల్ జబ్బార్ గిలానీ అనే ఆ ఇద్దరి పేర్లలోనే కాస్పియన్ తీరంలోని ఇరాన్ సీమ గిలాన్ ఉంది. తర్వాత నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో చార్మినార్ పక్కనే యునానీ దవాఖాన వెలసింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు హైదరాబాద్ సంస్థానంలో భాగం కావడంతో హకీము వైద్యం ఈ పల్లెలకు పరాయిది కాలేదు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగింది. మన కరక్కాయ, తానికాయ, ఉసిరికల కూర్పును పారశీక వైద్యులు ఇత్రీఫల్‌గా స్వీకరించి తమ లేహ్యాల్లో ముఖ్యస్థానం ఇచ్చారు.

ఆ గ్రంథాలు మలబద్ధకాన్ని ఎలా చూశాయో గమనిస్తే వాటి పద్ధతి అర్థమవుతుంది. ఆరోగ్యాన్ని నిలిపే ఆరు తప్పనిసరి అంశాలను యునానీ వైద్యం లెక్కగట్టింది: గాలి, తిండీ నీళ్లూ, శరీర శ్రమా విశ్రాంతీ, మనసు కదలికా నెమ్మదీ, నిద్రా మెలకువా, చివరగా శరీరం దేన్ని నిలుపుకోవాలి, దేన్ని బయటికి పంపాలి అన్నది. అంటే మలం సాఫీగా రాకపోవడం పేగు ఒక్కదాని వ్యవహారం కాదనీ, మిగతా అయిదింట్లో ఎక్కడో తేడా వచ్చి ఉండొచ్చనీ హకీము ముందే అనుకోవాలి. చికిత్సకూ మెట్లున్నాయి. మొదట ఆహారంలో మార్పు, తర్వాత నడక, స్నానం, మర్దన వంటి నియమాలు, వాటితో లొంగకపోతే మందు, అదీ కాకపోతే శస్త్రచికిత్స. మందులోనూ వరుస ఉంది. గట్టి విరేచన మందుకు ముందు కొన్నాళ్లు మెత్తబరిచే కషాయాలు ఇవ్వాలి. ముందుది ముంజిజ్, తర్వాతది ముస్‌హిల్. ఎదురుగా కూర్చున్న మనిషి ఏం తింటున్నాడు, ఎంత నిద్రపోతున్నాడు, ఏ దిగులుతో ఉన్నాడు అని అడగకుండా సునాముఖి రాసిచ్చే అధికారం ఆ సంప్రదాయం ఎవరికీ ఇవ్వలేదు.

ఇక ఆధారాల సంగతి చూద్దాం. సునాముఖి ఆకులోని క్రియాశీల పదార్థాలైన సెన్నోసైడ్ ఎ, బి లను స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ స్టోల్ బృందం 1941లో వేరుచేసింది. వీటి తీరు విచిత్రం. జీర్ణాశయంలో, చిన్నపేగులో ఇవి దాదాపు ఏ పనీ చేయవు. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా వీటిని విడగొట్టి రైన్ ఆంత్రోన్ అనే చురుకైన పదార్థంగా మారుస్తుంది. అది పేగు కదలికలను రెచ్చగొడుతుంది, మలంలోని నీటిని పేగు తిరిగి పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు తీసుకుంటే తెల్లవారాకే ఫలితం కనిపించడానికి కారణం ఈ ఆరు నుంచి పన్నెండు గంటల ప్రయాణమే. 2021లో వెలువడిన జపాన్ పరీక్షలో దీర్ఘకాలిక మలబద్ధకం ఉన్న 90 మందిని మూడు బృందాలుగా చేసి సునాముఖి, మెగ్నీషియం ఆక్సైడ్, ఉత్తుత్తి మాత్రలు 28 రోజులు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రల బృందంలో సుమారు 12 శాతం మందికి ఉపశమనం కలిగితే, సునాముఖి బృందంలో అది 69 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ సెన్నా (సునాముఖి) ఉంది. ఒక ఆకుకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అరుదు.

ఆముదం కథ ఇంకా ఆసక్తికరమైనది. పల్లెల్లో వంటాముదం తీసే పద్ధతి చూడండి. గింజలను దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి చాలాసేపు మరిగిస్తారు. నూనె మెల్లగా పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తేర్చి, మళ్లీ పొయ్యి మీద పెట్టి నీటి తడి పోయేదాకా కాస్తారు. గింజలో రైసిన్ అనే భయంకరమైన విషం ఉంది. అది ప్రొటీన్ కావడంతో నూనెలో కరగదు, పిప్పిలోనే ఉండిపోతుంది; వేడికి దాని శక్తి నశిస్తుంది. రైసిన్ అనేది ఒకటుందని తెలియకపోయినా ఆ వేయించడం, మరిగించడం జనాన్ని కాపాడాయి. నూనెలో దాదాపు తొంభై శాతం ఉండే రిసినోలియిక్ ఆమ్లం చిన్నపేగులో విడుదలై పేగు కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది. ఇది ఎలా జరుగుతుందో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు 2012లో తేల్చారు. కండర కణాల మీద ఉండే ఈపీ3 అనే గ్రాహకానికి ఆ ఆమ్లం అతుక్కుంటుంది. ఆ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకల్లో ఆముదం విరేచనం కలిగించలేకపోయింది. అదే గ్రాహకం గర్భాశయ కండరంలోనూ ఉంది కాబట్టి ఆముదం గర్భాశయాన్నీ ముడుచుకునేలా చేస్తుంది. గర్భిణులకు ఆముదం పట్టకూడదన్న పాత హెచ్చరికకు కణస్థాయి ఆధారం ఇప్పుడు దొరికింది.

మిగతా మందులకు సాక్ష్యం ఒకే స్థాయిలో లేదు. ఇసబ్‌గోల్ పొట్టు పేగును రెచ్చగొట్టదు. నీటిని పట్టుకుని జిగురుగా ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది, పరిమాణం పెంచుతుంది. పీచు మందుల్లో దీనికున్నంత ఆధారం మరిదేనికీ లేదు. రేలకాయ గుజ్జు గురించి ఇరాన్ వైద్యులు 2012లో ఒక పరీక్ష ప్రచురించారు. మలబద్ధకంతో బాధపడుతున్న 81 మంది పిల్లల్లో కొందరికి రేల గుజ్జుతో చేసిన మందు, కొందరికి ఖనిజ తైలం నాలుగు వారాలు ఇస్తే, మొదటి బృందంలో 84 శాతం, రెండో బృందంలో 50 శాతం మంది పిల్లలు బాధ నుంచి బయటపడ్డారు. ఫలితం బాగుంది, అయినా ఇది ఒక చిన్న, నాలుగు వారాల పరీక్షే. దీన్ని పట్టుకుని ఊరి చివరి రేలచెట్టు కాయలు కోసి పిల్లలకు పెట్టడం తొందరపాటు. కరక్కాయకు, గుల్కందుకు తరాల అనుభవం ఎంత ఉన్నా మనుషుల మీద జరిగిన గట్టి పరీక్షలు తక్కువ. అన్నింటినీ ఒకే గాటన కట్టి సంప్రదాయ వైద్యం రుజువైందనడం ఎంత తప్పో, రుజువు కాలేదనడం అంతే తప్పు. ఏ మందుకు ఆ మందు లెక్క వేరుగా చూడాలి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ధాతువుల మీద కట్టిన సిద్ధాంతం యునానీది. ఆ సిద్ధాంతాన్ని ఆధునిక శరీరశాస్త్రం ఎన్నడో వదిలేసింది. పునాది కూలాక ఇల్లెలా నిలుస్తుందని అడగడం న్యాయమే. నిజమే, ముంజిజ్ ఇస్తే చెడు ధాతువు పక్వానికి వస్తుందన్న వివరణకు ఆధారం లేదు, దాన్ని కాపాడుకోవలసిన పనీ లేదు. కానీ వివరణ వేరు, పరిశీలన వేరు. వేల మంది రోగులను చూసి, ఎండిన మలం మీద ముందే గట్టి జులాబు ఇస్తే మెలిపెట్టే నొప్పి వస్తుందని, మెత్తబరిచాక ఇస్తే సుఖంగా జారుతుందని హకీములు గమనించారు. ఆ గమనింపుకు తమ కాలానికి తెలిసిన భాషలో కారణం చెప్పుకున్నారు. ఇవాళ జీర్ణకోశ నిపుణులూ ముందు పీచు, నీళ్లు, తర్వాత మలంలో నీటిని నిలిపే మందులు, అవసరమైతేనే పేగును రెచ్చగొట్టే మందులు అంటూ మెట్లుమెట్లుగానే వెళ్తున్నారు. కారణం మారింది, వరుస దాదాపుగా అదే నిలిచింది. సిద్ధాంతాన్ని చరిత్రకు వదిలేసి పరిశీలనను పరీక్షకు పెట్టడమే శాస్త్రం చేయవలసిన పని.

రెండో వాదన అవతలి పక్షం నుంచి వస్తుంది. ఇవి ప్రకృతి ఇచ్చిన మూలికలు, వీటితో దుష్ఫలితాలు ఉండవన్నది బజారులో రోజూ వినిపించే మాట. ఈ మాటను ముందుగా ఖండించేది పారశీక వైద్యమే. యునానీ ద్రవ్యగుణ గ్రంథాల్లో ప్రతి మూలికకూ గుణంతో పాటు అది చేసే హాని, ఆ హానికి విరుగుడు, అది దొరక్కపోతే ప్రత్యామ్నాయం, మోతాదు విడివిడిగా రాసి ఉంటాయి. సునాముఖితో వచ్చే కడుపునొప్పికి విరుగుడుగా గులాబీ రేకులో, బాదం నూనెనో కలపమన్నారు. హాని లేని మందుకు విరుగుడు ఎందుకు రాస్తారు? పైగా మూలిక పేరు సరైనదైనా సరుకు సరైనదో కాదో తెలియదు. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు, సునాముఖి ఒకే ప్రజాతికి చెందినవి. సునాముఖిని చాలాచోట్ల నేలతంగేడు అనే పిలుస్తారు. వ్యాపారంలో తంగేడు ఆకును సునాముఖిలో కల్తీ చేయడం మూలికా శాస్త్రజ్ఞులకు పాత సంగతే. తంగేడులో సెన్నోసైడ్లు ఉండవు. దాని చెక్కలో తోళ్లు ఊనడానికి పనికొచ్చే వగరు పదార్థం దండిగా ఉంటుంది. బతుకమ్మలో పేర్చుకునే పూల మొక్క ఆకు విరేచన మందు పేరుతో సంచిలోకి వస్తే, పని జరగక రోగి మోతాదు పెంచుతాడు. మరుసటి నెల అసలు ఆకు దొరికితే అదే మోతాదు అతన్ని నీరసపడేలా చేస్తుంది.

మూడో ప్రశ్న రోజువారీ వాడకం గురించి. పేగులు శుభ్రం చేసే చూర్ణాలని అమ్మే చాలా డబ్బాల మీద పదార్థాల పట్టీ చదివితే సునాముఖి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి రోజూ చెంచాడు వేసుకునేవారు తాము జులాబు మందు తింటున్నామని అనుకోరు, ఏదో అరుగుదల పొడి అనుకుంటారు. దీనివల్ల పేగు శాశ్వతంగా మొద్దుబారిపోతుందని ఒకప్పుడు వైద్యులు గట్టిగా నమ్మేవారు. సరైన మోతాదులో వాడినప్పుడు అలా జరుగుతుందనడానికి ఆధారం బలహీనమని తర్వాతి సమీక్షలు తేల్చాయి. పేగు లోపలి పొర నల్లబడడం కనిపిస్తుంది గానీ అది మందు మానేస్తే పోతుంది, కేన్సర్‌కు దారితీస్తుందన్న రుజువూ లేదు. ఈ నిజాన్ని దాచి భయపెట్టడం మంచిది కాదు. అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి. మోతాదు మించితే విరేచనాలతో పొటాషియం పోయి కండరాల బలం తగ్గుతుంది, గుండె లయ తప్పవచ్చు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు వేసుకునే వృద్ధులకు ఈ ముప్పు ఎక్కువ. అంతకంటే పెద్ద నష్టం, రోజూ పొద్దున పని జరిగిపోతుండడంతో మలబద్ధకానికి మూలకారణం ఏళ్ల తరబడి కప్పబడి ఉండిపోవడం.

నల్లగొండ, పాలమూరు మెట్టల్లో ఆ మూలకారణాల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఈ నేలల్లో జొన్న రొట్టె, జొన్న గట్క ఒకప్పుడు రోజువారీ తిండి. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆకలిని తీర్చింది, ఆ మేలును ఎవరూ కాదనలేరు. దాంతోపాటే పాలిష్ బియ్యం పళ్లెం నిండా వచ్చి జొన్న, సజ్జ పక్కకు జరిగాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే ఉంది. పీచు మూడో వంతుకు పడిపోయిన చోట పేగు మందగించడంలో ఆశ్చర్యం లేదు. రెండోది నీళ్లు. ఫ్లోరైడ్ పేరు చెబితే నల్లగొండ గుర్తొస్తుంది. వంకర తిరిగిన ఎముకలు అందరికీ కనిపించాయి గానీ కడుపులో జరిగింది తక్కువమందికి తెలుసు. ఫ్లోరైడ్ జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసి లోపలి పొరను దెబ్బతీస్తుంది. వికారం, ఉబ్బరం, కడుపునొప్పి, మలబద్ధకం ఫ్లోరోసిస్ తొలి లక్షణాల్లో ఉన్నాయని మన దేశంలో జరిగిన అధ్యయనాలు చూపాయి. నీళ్లు మార్చగానే చాలామందికి ఈ బాధలు తగ్గాయి. కృష్ణా జలాలు నల్లాల్లోకి వచ్చాక పరిస్థితి ఎంతో మెరుగైంది, అయినా పొలం దగ్గర బోరు నీళ్లే తాగేవారు ఉంటారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన నీళ్లు తాగే మనిషికి సునాముఖి ఇవ్వడం బాధను ఒక్క పూటకు వాయిదా వేయడమే. తిండీ నీళ్లూ ముందు అడగమన్న హకీము పద్ధతి ఈ జిల్లాలకు ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

చివరి అభ్యంతరం ఆధునికుల నుంచి. నీటిని పేగులో నిలిపే పాలీఇథిలిన్ గ్లైకాల్ వంటి పరీక్షించిన మందులుండగా ఈ పాత దారి ఎందుకంటారు. ఆ మందుకు ఆధారం ఎక్కువన్నది నిజం. 2023లో అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు దాన్ని బలంగా సిఫారసు చేశాయి. అవే మార్గదర్శకాలు పీచునూ, సెన్నానూ కొన్ని షరతులతో సిఫారసు చేశాయి. అంటే పాత కొత్తల మధ్య గోడ జనం అనుకున్నంత ఎత్తుగా లేదు. నమ్మకమైన మోతాదులో తయారైన సెన్నా మాత్ర చవక, పల్లె దుకాణంలోనూ దొరుకుతుంది. ఎకరాల కొద్దీ ఆముదం పండించిన జిల్లాలకు, హైదరాబాద్‌లో యునానీ కళాశాల, పరిశోధన సంస్థ ఉన్న రాష్ట్రానికి చేయవలసిన పని మిగిలే ఉంది. రేల గుజ్జు, కరక్కాయ, ఇత్రీఫల్ వంటి వాటిని మన రోగుల మీద, మన తిండి అలవాట్ల మధ్య పద్ధతిగా పరీక్షించాలి. గెలిచినవాటిని ప్రామాణికమైన మోతాదులో అందించాలి, ఓడినవాటిని నిర్మొహమాటంగా వదిలేయాలి.

అప్పటిదాకా ఇంట్లో పాటించగల క్రమం ఒకటుంది. వారానికి మూడుసార్ల కంటే తక్కువగా, గట్టిగా, ముక్కితే గానీ మలం రాకపోతే ముందు పళ్లెం, నీళ్లు, నడక, నిద్ర సంగతి చూసుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలు, కొన్ని నొప్పి మందులు కూడా కడుపు కట్టేలా చేస్తాయని గుర్తుంచుకోవాలి. జొన్న రొట్టె, ఆకుకూరలు, పప్పులు వారం పది రోజులు తిన్నా మార్పు లేకపోతే ఇసబ్‌గోల్ వేసుకోవచ్చు, కానీ పెద్ద గ్లాసు నీళ్లు తాగకపోతే అదే గొంతులోనో పేగులోనో అడ్డుపడవచ్చు. సునాముఖి, ఆముదం ఆ తర్వాతి మెట్టు, అదీ కొద్ది రోజులకే. గర్భిణులకు, కడుపునొప్పీ వాంతులూ ఉన్నవారికి వైద్యుడు చెప్పకుండా ఇవి ఇవ్వరాదు. పసిపిల్లలకు నోట్లోనో ముక్కులోనో ఆముదం పోయడం వల్ల నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాంతకమైన న్యుమోనియా రావచ్చు, ఆ ఆచారం పూర్తిగా మానాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం కనిపిస్తే ఏ మూలికా వేయకుండా దవాఖానకు వెళ్లాలి. మూలికలు అమ్మేవారు, రాసిచ్చేవారు, కొనేవారు ముగ్గురూ ముందు కారణం అడగడం అలవాటు చేసుకుంటే, గిలాన్ నుంచి గోల్కొండకు వచ్చిన ఆ వైద్యంలోని మేలైన భాగం మనకు దక్కుతుంది. ఆ ప్రశ్న అడగడానికి పైసా ఖర్చు లేదు, అది అడగకుండా వాడిన మందుకు మాత్రం శరీరం మూల్యం చెల్లిస్తుంది.